తెలుగు వచ్చునని రుజువు

జూన్ 9, సోమవారం

మళ్ళీ ఏలూరు. కలెక్టరాఫీసు ఎదురుగా రఫీ గారి ఆన్‌లైన్ సెంటర్. కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూశారు — మలేషియా పాస్‌పోర్టు, పద్నాలుగేళ్ళ వీసా కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్, ఆయన డెత్ సర్టిఫికెట్, పాప ఆధార్. పౌరసత్వం అప్లికేషన్‌కి ఇవి చాలవట. ఇంకా మూడు కావాలి. నా పుట్టిన సర్టిఫికెట్ ఒరిజినల్. నా నడవడి మంచిదని ఈ దేశస్తులు ఇద్దరు ఇచ్చే అఫిడవిట్లు. మూడోది చెప్పడానికి రఫీ గారు కాస్త మొహమాటపడ్డారు.

"మీకు తెలుగు వచ్చని సర్టిఫికెట్ అండి."

అంతసేపూ ఆయనతో తెలుగులోనే మాట్లాడుతున్నాను.

భర్త ఉంటే ఒక ఫారమట. లేకపోతే ఇంకో ఫారం. ఆ రెండో ఫారంలో భాష ఉంది. ఆయన పోయి మూడేళ్ళు... ఆయనతోపాటు నా తెలుగు కూడా పోయిందేమోనని వాళ్ళ అనుమానం కాబోలు.

జూన్ 10

పొద్దున్నుంచి ఒక పని మొదలుపెట్టి ఇంకోదానిలోకి వెళ్తున్నాను. పప్పు నానబోసి మరిచాను. బట్టలు బకెట్లోనే ఉన్నాయి. పోయినసారి వీసా పొడిగించినప్పుడు ఆఫీసరన్న మాట — ఈసారికి ఇచ్చామమ్మా, వచ్చేసారికి మాత్రం ఏమీ చెప్పలేం. కోపంగా అనలేదు. మర్యాదగానే అన్నాడు. అందుకే భయం.

పాప ఇక్కడ పుట్టింది, కైకలూరు ఆస్పత్రిలో. పన్నెండేళ్ళు. ఇక్కడి మనిషి. అత్తయ్య గారు ఇక్కడి మనిషి. ఇంట్లో ఉండేది ముగ్గురం. అందులో ఒకదాన్ని ఏడాదికోసారి ఉండనిస్తారా అని అడిగి ఉంటున్నాను.

జూన్ 14, శనివారం

మలేషియాకి, అప్పకి ఫోన్ చేశాను. పాప ఎప్పుడూ నవ్వుతుంది — అప్ప ఏంటమ్మా, అక్క అనాలి కదా అని. మా ఎస్టేటులో అక్కని అప్ప అనే అనేవాళ్ళం. శ్రీకాకుళం నుంచి ఓడెక్కిన తాతలు ఆ మాటని వెంట తీసుకెళ్ళారు. రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేశారు, ఎస్టేటు చేతులు మారింది, మాట మాత్రం మారలేదు.

పుట్టిన సర్టిఫికెట్ తీయించి పంపమన్నాను. ఎందుకంది. చెప్పాను. రఫీ గారు చెప్పిందీ దాచలేదు — ఇక్కడ మంజూరైతే, అక్కడి పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం చూపించాలి.

"అమ్మని కప్పెట్టిన దేశాన్ని ఒగ్గేత్తావేటే?"

పెట్టేసింది.

అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు. అక్కణ్ణుంచి నన్ను పెంచింది అప్పే. రొయ్యల హేచరీలో పనికొచ్చిన కైకలూరు మనిషిని చేసుకుంటానంటే సరేనన్నదీ అప్పే. విమానం ఎక్కించినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చిందేమో. ఫోన్లో తెలియదు.

జూన్ 17

అప్ప ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 20

ఎత్తడం లేదు.

జూన్ 27, శుక్రవారం

కొరియర్ వచ్చింది. లోపల సర్టిఫికెట్ ఒక్కటే. వేరే చీటీ లేదు. కవరు మీద అడ్రసు ఇంగ్లీషులో, అక్షరాలు వంకర టింకరగా — అప్ప చేత్తోనే రాసింది. కోపం కోపమే, పని పనే. ఎప్పుడూ అంతే.

జూన్ 30, సోమవారం

కలెక్టరాఫీసు. సర్టిఫికెట్ చూపించమన్నారని వెళ్ళాను. క్లర్కు గారు నా పేరు పైకి చదివారు. అప్పలనరసమ్మ, ఎ, గీత, పి, సింహాచలం. చదివి, కళ్ళజోడు సర్దుకుని, నా వైపు చూశారు. అమ్మా, మీరు ఏపీలోనే పుట్టినట్టు ఇందులో ఉంది కదండీ, మరి ఈ అప్లికేషన్ ఎందుకండీ అన్నారు.

అది ఆంధ్రప్రదేశ్ కాదండీ అన్నాను. మలయ్ భాషలో ఫలానా వారి కూతురు అని. మా నాన్న పేరు సింహాచలం.

ఆయన నవ్వారు. పక్క సీటాయన నవ్వారు. నేనూ నవ్వాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఏదోలా అయిపోయింది. ఆ ఒక్క క్షణం ఆయన నన్ను ఇక్కడే పుట్టిన మనిషనుకున్నారు. అలా అనుకోనిస్తే బాగుండేది.

ఇంకో చిక్కు. పెళ్ళి సర్టిఫికెట్లో నేను ఉత్త నర్సమ్మని. ఆ నర్సమ్మా ఈ అప్పలనరసమ్మా ఒకరేనని నోటరీ చేయించాలి. నేను నేనేనని.

జూలై 3, గురువారం

ఏలూరులో కాలేజీ. తెలుగు డిపార్ట్‌మెంట్ సారు పెద్దమనిషి, నెమ్మదైన మాట. మీకు మాట్లాడటం వచ్చని తెలుస్తూనే ఉందమ్మా, చదవడం రాయడం చూడకుండా సంతకం ఎలా పెట్టనండీ అన్నారు. న్యాయమే. పేపర్లోంచి ఆరు వాక్యాలు చదివి రాయమన్నారు. తర్వాత 'మా ఊరు' గురించి ఒక పేజీ.

పాప ఒకటో తరగతి వాచకం పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు నాది. ఆరేళ్ళుగా ఈ నోటుబుక్కుల్లో రాస్తున్నాను. ఇక్కడ చెయ్యి ఆగదు. అక్కడ ఆగింది. బాధ అనే మాటలో ఒత్తు ముందు అక్షరానికా, వెనక అక్షరానికా? విద్యార్థి రాయబోయి మూడుసార్లు కొట్టేశాను.

మా ఊరంటే ఎస్టేటు గురించే రాశాను. అక్కడి సంగతులు అక్కడి మాటలతోనే వచ్చేశాయి. సారు ఎర్ర పెన్ను తీశారు. 'నాను' చుట్టూ సున్నా. 'ఒగ్గేసి' చుట్టూ సున్నా. 'అప్ప' చుట్టూ సున్నా, పక్కన ప్రశ్న గుర్తు. మొత్తం పదిహేడు.

ఆగస్టులో మళ్ళీ రండమ్మా అన్నారు. విసుక్కోలేదు. విసుక్కుంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

జూలై 4

అత్తయ్య గారు అడిగారు, ఎన్ని తప్పులొచ్చాయని. చెప్పాను. కూరగాయలు తరుగుతున్నావిడ కత్తిపీట మీదనుంచి చెయ్యి తీసి ఆలోచించారు.

"నన్ను రాయమంటే అన్నీ తప్పులే. నేను వేలిముద్రదాన్ని. మరి నన్నెక్కడికి పంపుతారంట?"

నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో, కోడలి మాట అర్థం కావడం లేదని ఇరుగుపొరుగుకి చెప్పుకున్నదీ ఈవిడే.

జూలై 12, శనివారం

తాడేపల్లిగూడెం. సుభద్ర టీచరు గారి దగ్గరికి. కైకలూరు హైస్కూల్లో మా ఆయనకి తెలుగు చెప్పారావిడ. రిటైరయ్యాక ఇక్కడ తమ్ముడి ఇంటి పైవాటాలో ఉంటున్నారు. ఆయన పోయినప్పుడు వచ్చి, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చున్నారు. ఆ చనువుతోనే వెళ్ళాను. వీధి చివర ఉల్లిపాయల లారీలు. మెట్లెక్కేదాకా ఆ ఘాటే.

నా ఎర్ర సున్నాల కాగితం ఆవిడ చాలాసేపు చదివారు. ఒకచోట నవ్వారు. పెన్సిలుతో లెక్కపెట్టారు.

"ఇందులో తప్పులు అయిదేనమ్మా. మిగిలినవి మాటలు."

శనివారం శనివారం రమ్మన్నారు. ఫీజు అనబోయాను. మీ ఆయన నా దగ్గర ఎన్ని గోడకుర్చీలు వేశాడో తెలుసా, వాటికింద జమ చేసుకుంటానులే అన్నారు.

జూలై 19

కైకలూరు నుంచి ఏలూరు బస్సు, ఏలూరు నుంచి గూడెం రైలు. రోజంతా ప్రయాణం, గంటన్నర పాఠం. బస్సులో కొల్లేరు రోడ్డు మీద వాచకం తెరుస్తాను. ఒక పేజీ చదివేసరికి ఏదో ఊరు దాటుతుంది, ఏ ఊరో గుర్తుండదు, అన్ని చోట్లా రొయ్యల చెరువులే, అన్ని చెరువుల్లోనూ ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. ఐసు లారీ ముందుకెళ్తే రోడ్డంతా తడి చార.

ఇవాళ శ, ష, స. నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోమన్నారు టీచరు గారు. బస్సులో తిరిగొస్తూ నోట్లోనే అనుకుంటున్నాను. పక్కనావిడ మంత్రం చదువుతున్నాననుకుని కాస్త జరిగి కూర్చుంది.

జూలై 24

నలభై రోజుల తర్వాత అప్ప నుంచి వాయిస్ మెసేజ్. పాపకి జ్వరమని ఎవరో చెప్పారట, తగ్గిందా అని. అంతే. మామూలు మాటలే. వింటూ ఉంటే నా చెవిలో ఎర్ర సున్నాలు పడ్డాయి. ఇది తప్పు, ఇది తప్పు, ఇక్కడ 'స్త' ఉండాలి...

నన్ను పెంచిన గొంతు. ఫోన్ బోర్లించి పెట్టి పెరట్లోకి వెళ్ళాను. ఇంకెప్పుడూ అలా వినకూడదు. కానీ చెవి నా మాట వింటుందా?

ఆగస్టు 2, శనివారం

టీచరు గారికి ఆ సంగతి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. బోర్డులాంటి పలక ఒకటి ఉంది ఆవిడ దగ్గర, దాని మీద కొటేషన్ గుర్తులు రెండు గీశారు, మధ్యలో ఖాళీ వదిలి.

"వీటి బయట నువ్వు రాసేది పుస్తకాల తెలుగు. అక్కడ నేను చెప్పినట్టే రాయి. లోపల మాత్రం ఎవరి మాట వాళ్ళదే. లోపల తప్పనేది లేదమ్మా."

ఆ ఖాళీలో ఏదైనా రాయమన్నారు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని నిలబడ్డాను, నలభై ఏళ్ళదాన్ని.

ఆగస్టు 5, మంగళవారం

పేపర్లో పడింది. రెండు పేపర్లలో వెయ్యాలట, ఇవాళ మొదటిది. ఫలానా ఆమె భారత పౌరసత్వానికి దరఖాస్తు చేస్తున్నారు, ఇవ్వకూడదనడానికి కారణం తెలిసినవారు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. అదీ దాని సారాంశం.

పాలు పోసే మనిషి నుంచి మేత కొట్టు నడిపే ఆయన దాకా అందరి మొహాలూ చూస్తున్నాను. ఎవరికి కారణం తెలుసు? ఎవరినైనా ఎప్పుడైనా ఏమన్నా అన్నానా? పక్కింటి వాళ్ళ కోడి విషయంలో ఒకసారి మాటా మాటా అయింది, ఎనిమిదేళ్ళ క్రితం. అది కూడా గుర్తొచ్చింది.

సాయంత్రం పక్కింటావిడే పేపరు పట్టుకొచ్చింది. ఫోటో వెయ్యలేదేంటండీ అంది. వెళ్ళిపోయింది.

ఆగస్టు 7

పాపని స్కూల్లో అడిగారట, మీ అమ్మ ఫారినరా అని. పాప ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. అన్నం తిని, నా నోటుబుక్కు లాక్కుని, ఒత్తులు చెప్తాను కూర్చోమంది. టీచరు గారికన్నా కఠినం.

ఆగస్టు 12, మంగళవారం

నాలుగు రోజులుగా వాన. ఎల్లుండి పరీక్ష. ఎగువ నీళ్ళన్నీ కొల్లేట్లోకి దిగాయి, ఏలూరు రోడ్డు మీదుగా నీరు పారుతోంది, బస్సులు ఆపేశారు. కాలేజీ సారు ఆ తర్వాత నెలరోజులు ఊళ్ళో ఉండరు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ రోడ్డు మునిగినప్పుడల్లా సంబరంగా చూడ్డానికి వెళ్ళేవాళ్ళం, ఆయన బండి మీద. ఇవాళ గొడుగు వేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా రోడ్డు దాటుతోంది. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇంటికొచ్చి టీచరు గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క మాటలో తేల్చారు — భీమవరం మీదుగా చుట్టు తిరిగి గూడెం వచ్చెయ్, మా ఇంట్లో ఉండు, పొద్దున్నే రైలుకి ఇద్దరం వెళ్దాం.

ఆగస్టు 13

రైల్లో భీమవరం. అక్కణ్ణుంచి బస్సు. తడిసిన చీరతోనే మెట్లెక్కాను. టీచరు గారు తన చీర ఇచ్చారు, వేడన్నం పెట్టారు, వాచకం ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు చదివితే వచ్చింది కూడా పోతుందన్నారు.

ఆగస్టు 14, గురువారం

రాశాను.

ముందు పేపరు పైకి చదవమన్నారు. చదివాను. రొయ్యల ధరల వార్త, అదృష్టం, ప్రతి మాటా తెలిసిందే. చెప్పి రాయించినవి రాశాను. బాధలో ఒత్తు సరిగ్గానే పడింది. తర్వాత 'మరచిపోలేని ఒక రోజు'.

అమ్మ నన్ను పక్క ఎస్టేటు తెలుగు బడిలో వేసిన రోజు గురించి రాశాను. దానికి ముందు జరిగిన సంగతి కూడా. శ్రీకాకుళం నుంచి తాతకి ఉత్తరం వచ్చింది. లైను ఇళ్ళలో ఎవ్వరికీ తెలుగు చదవడం రాదు. అమ్మ దాన్ని రవికెలో పెట్టుకుని పక్క ఎస్టేటుకి నడిచింది, అక్కడి బడి పంతులు చదవగలరని. ఆయన ఊళ్ళో లేడు. మళ్ళీ వెళ్ళింది. మూడోసారికి దొరికాడు. ఆ మర్నాడే నన్ను చెయ్యిపట్టుకుని బడికి తీసుకెళ్ళింది. రెండేళ్ళకి ఆ బడి మూతపడింది, నేర్చిందీ మరిచిపోయాను. దారిలో అమ్మ అన్న మాట కొటేషన్ గుర్తులు పెట్టి రాశాను — "అచ్చరాలు నేరుసుకోయే గుంటా. ఉత్తరమొత్తే ఊరంతా తిరక్కూడదు."

సారు ఎర్ర పెన్ను పట్టుకునే చదివారు. అమ్మ మాట దగ్గర పెన్ను ఆగింది. నేను టీచరు గారి వైపు చూశాను, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పెన్ను పక్కన పెట్టేశారు సారు.

"ఆ ఉత్తరంలో ఏముందమ్మా?"

తాత వాళ్ళమ్మ చనిపోయిందని అన్నాను. అప్పటికే ఎనిమిది నెలలైంది. ఆ రోజు తాత గుండు చేయించుకున్నాడు, ఎనిమిది నెలలు ఆలస్యంగా.

తప్పులు మూడు. సర్టిఫికెట్ సోమవారం ఇస్తామన్నారు. బయటికొచ్చాక టీచరు గారు నా చెయ్యి పట్టుకున్నారు, మెట్లు దిగడానికో, ఎందుకో.

ఆగస్టు 18

రోడ్డు ఇంకా నీళ్ళలోనే. రఫీ గారే కాలేజీకి వెళ్ళి తీసుకుని, ఫోటో పంపారు. ఈమెకు తెలుగు చదువుట, వ్రాయుట, మాట్లాడుట వచ్చునని ధ్రువీకరించడమైనది. అత్తయ్య గారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. మాట్లాడుట కూడా రాశారా, పోనీలే అన్నారు.

ఆగస్టు 25, సోమవారం

ఇచ్చేశాను. అఫిడవిట్లు ఒకటి టీచరు గారిది. రెండోది ఎవరిని అడగాలా అని నేను నసుగుతూ ఉంటే, నాలుగేళ్ళుగా మీ కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్తున్నాయి, మీ సంగతి నాకు తెలియందేముందండీ అని రఫీ గారు సంతకం పెట్టారు. ఫైలు లోపలికెళ్ళింది. చేతులు ఖాళీ. తిరుగు బస్సులో సంచీ తేలిగ్గా ఉంటే ఏదో మరిచిపోయాననుకుని రెండుసార్లు వెతుక్కున్నాను.

సెప్టెంబరు 4

ఏమీ లేదు. రఫీ గారు ఫోన్ ఎత్తి ముందే చెప్పేస్తున్నారు, ఇంకా ఏమీ రాలేదండీ అని.

సెప్టెంబరు 10, బుధవారం

ఎంక్వైరీకి కానిస్టేబులు వచ్చాడు. నన్ను లోపల ఉండమన్నాడు. తలుపు వెనక నిలబడి విన్నాను. పాప నా కొంగు పట్టుకుంది, చిన్నప్పటిలా.

ఈవిడ ఎప్పట్నుంచి ఇక్కడుంటున్నారు మామ్మగారూ అని అడిగాడు. ఎప్పుడైనా తిరిగి వెళ్ళిపోయే ఉద్దేశం ఉందా అని అడిగాడు. అత్తయ్య గారు వరండాలో అరుగు మీద కూర్చునే చెప్పారు.

"మావాడు తీసుకొచ్చిన దగ్గర్నుంచీ ఉందండి. వాడు పోయినా వెళ్ళలేదు. ఇంకేం రాసుకుంటారో రాసుకోండి."

అతను రాసుకున్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. ఆవిడ వేలికంటిన సిరా నేను తుడవబోతే తుడవనివ్వలేదు, ఉండనీ అన్నారు. కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

అప్ప తనంతట తను ఫోన్ చేసింది. చాలారోజుల తర్వాత అరగంట మాట్లాడింది. తోటల్లో పని, మోకాళ్ళు, బావ తాగుడు మానడం. అమ్మ సమాధికి మొన్న సున్నం వేయించిందట. ఆ మాట చెప్పి ఆగింది. ఆ పౌరసత్వం ఏమైందని అడగలేదు. చివర్లో, ఎక్కడిదో సంగతి చెప్తున్నట్టు అంది — డిసెంబర్లో ఒకసారి వచ్చి సూసి పోతాను, పిల్లదాన్ని సూడాల, నువ్వు ఏటి సూసి ఉండిపోయావో అది కూడా సూడాల.

పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ రాలేదు అప్ప.

సెప్టెంబరు 23

పాప లిస్టు రాస్తోంది, పెద్దమ్మకి ఏమేం చూపించాలో. ద్వారకా తిరుమల, గూడబాతులు, తన క్లాసురూము. నేను ఇల్లంతా దులుపుతున్నాను, ఇంకా రెండు నెలలుండగానే. రఫీ గారు ఫోన్ చేశారు. ఫైలు ఏలూరు నుంచి పైకి వెళ్ళిందట. పైకి అంటే ఎక్కడికండీ అన్నాను. పైకేనండీ అన్నారు.

సెప్టెంబరు 27, శనివారం

మధ్యాహ్నం అప్ప ఫోన్. వీసా ఫారం నింపుతోంది, కొడుకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెళ్ళాడట. ఒక్కొక్కటే చదువుతూ నన్ను అడుగుతోంది. పేరు, పుట్టిన ఊరు, తండ్రి పేరు. ఇండియాలో ఎవరింటికి వెళ్తున్నారు. నా పేరు చెప్పాను, అప్పలనరసమ్మ, పూర్తిగా. ఏమవుతుంది. చెల్లెలు. అడ్రసు. అక్షరం అక్షరం చెప్పాను, కైకలూరు దగ్గర రెండుసార్లు తప్పు కొట్టింది, ఓపిగ్గా మళ్ళీ చెప్పాను.

తర్వాతి గడి దగ్గర ఆగింది.

"నీది ఏ దేశమని రాయమంటావే?"

జవాబు తెలుసు. ఈ రోజుకి మలేషియానే. పాస్‌పోర్టు బీరువాలో ఉంది. ఇంకా ఎవరికీ ఏదీ వదిలిపెట్టలేదు. అప్పకి ఆ మాట చెప్తే ఎంత సంతోషమో కూడా తెలుసు. చెప్పబోయాను. వాకిట్లో అత్తయ్య గారు చేపలు బేరమాడుతున్నారు, పాప లోపల పద్యం బట్టీ పడుతోంది.

రఫీ గారిని అడిగి చెప్తానన్నాను.

అప్ప ఫోన్ పెట్టలేదు. కంప్యూటర్ మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"ఆయన్నెందుకే అడగడం," అంది. "నువ్వు సెప్పు."